ఒకే లెక్క, మూడు జవాబులు: కంప్యూటర్ ప్యాకేజీల తేడాలను సరిపోల్చుకోవడం ఎలా?



వార్షికోత్సవ సంచిక అనగానే కవితలు, పాటలు, పాత విద్యార్థుల జ్ఞాపకాలు గుర్తుకొస్తాయి. వాటి మధ్య సంఖ్యాశాస్త్రం పాఠం ఎందుకని కొందరు అడగవచ్చు. కారణం ఉంది. మన హాస్టల్‌లో చదువుకొని బయటికి వెళ్లినవారు ఎమ్మెస్సీ, ఎంబీఏ, ఎం.ఏ. ఎకనామిక్స్, నర్సింగ్, బీఎడ్ వంటి చదువుల్లో చేరుతున్నారు. వీరిలో చాలామంది ఏదో ఒకరోజు ప్రాజెక్టు పేరుతో కంప్యూటర్ ముందు కూర్చొని అంకెలు వేయక తప్పదు. అక్కడే ఒక చిక్కు ఎదురవుతుంది. ఒకే డేటాను ఎక్సెల్‌లో వేస్తే ఒక జవాబు, ఎస్‌పీఎస్‌ఎస్‌లో వేస్తే మరొక జవాబు, సాస్‌లో వేస్తే ఇంకొక జవాబు వస్తుంది.

మా ఇళ్లలో మొట్టమొదట డిగ్రీ పట్టా అందుకున్నవాళ్లం మేము. మాలాంటి ఇళ్ల నుంచి వచ్చినవారికి ఇలాంటి చోట ముందుగా కలిగేది భయం. పక్క సీటులో పట్నం కాలేజీ విద్యార్థి జవాబు వేరుగా ఉంటే, “తప్పు నాదే అయ్యుంటుంది” అనుకొని మౌనంగా ఊరుకునేవారే ఎక్కువ. తేడా ఎందుకు వచ్చిందని అడగరు. అడిగితే ఏమనుకుంటారోనని సంకోచం. ఆ సంకోచం పోవాలనే ఈ పాఠం రాస్తున్నాం. ఇందులో చెప్పదలచుకున్నది ఒక్కటే. జవాబులు వేరైనంత మాత్రాన ఒకరిది తప్పని కాదు. చాలాసార్లు కంప్యూటర్లకు అందిన ప్రశ్నలే వేరు.

గుంటలు, సెంట్లు

మన న్యాల్‌కల్‌లో ఎకరానికి 40 గుంటలు అంటాం. కోస్తా జిల్లాల్లో ఎకరానికి 100 సెంట్లు అంటారు. ఒకే చేనును మనవాళ్లు 10 గుంటలంటే అక్కడివారు 25 సెంట్లంటారు. 10 సరైనదా, 25 సరైనదా అని ఎవరూ తగువు పడరు. గుంటకు రెండున్నర సెంట్లని తెలిస్తే రెండు లెక్కలూ ఒకటే అవుతాయి.

అదే సర్వేయరు గొలుసు సరిగా పట్టక 9 గుంటలని రాశాడనుకోండి. అది కొలమానం తేడా కాదు, కొలతలో తప్పు. ప్యాకేజీల మధ్య తేడా వచ్చినప్పుడు మనం తేల్చుకోవలసింది కూడా ఇదే. ఇది గుంట, సెంటు తేడానా? లేక గొలుసు తప్పా?

ఎనిమిది మంది రైతుల లెక్క

ఒక ఊళ్లో ఎనిమిది మంది రైతులకు ఎకరానికి వచ్చిన జొన్న దిగుబడి క్వింటాళ్లలో ఇలా ఉందనుకుందాం. ఇది పాఠం కోసం కల్పించుకున్న లెక్క.

2, 4, 5, 6, 7, 9, 11, 12

మొత్తం 56. ఎనిమిదితో భాగిస్తే సగటు 7. ఇంతవరకు ప్యాకేజీలన్నీ ఒకే మాట మీద ఉంటాయి.

ఇప్పుడు క్రమవిచలనం చూద్దాం. ప్రతి దిగుబడి నుంచి 7 తీసివేసి, వచ్చిన తేడాలను వర్గం చేసి కూడితే 84 వస్తుంది. దీన్ని 8తో భాగిస్తే 10.5. దాని వర్గమూలం 3.24. అలాకాక 7తో భాగిస్తే 12. దాని వర్గమూలం 3.46. ఆర్, ఎస్‌పీఎస్‌ఎస్, సాస్, స్టాటా మామూలుగా ఒకటి తగ్గించి 7తో భాగిస్తాయి. పైథాన్‌లోని నంపై మనం ఏమీ చెప్పకపోతే 8తో భాగిస్తుంది. అదే పైథాన్‌లోని పాండాస్ 7తో భాగిస్తుంది. ఎక్సెల్‌లో రెండు రకాల ఫంక్షన్లూ ఉన్నాయి. మనం ఏది ఎంచుకుంటే దాని జవాబు ఇస్తుంది.

ఏది సరైనది? ఊళ్లో ఉన్నదే ఆ ఎనిమిది మంది రైతులైతే, వారి గురించి మాత్రమే చెప్పదలిస్తే 8తో భాగించాలి. ఆ ఎనిమిది మందిని చూసి మండలంలోని రైతులందరి గురించి అంచనా వేయదలిస్తే 7తో భాగించాలి. ఎందుకంటే సగటును కూడా ఆ ఎనిమిది అంకెల నుంచే తీశాం. సగటు నుంచి తేడాలను కూడితే ఎప్పుడూ సున్నాయే. కనుక ఏడు తేడాలు తెలిస్తే ఎనిమిదోది దానంతట అదే తెలిసిపోతుంది. స్వేచ్ఛగా మారగలిగినవి ఏడే. దీన్నే స్వాతంత్ర్య పరిమితి అంటారు.

ఈ తేడా ఎంత ముఖ్యమన్నది సంఖ్యను బట్టి ఉంటుంది. ఎనిమిది మందిలో 3.24కు, 3.46కు దాదాపు 7 శాతం తేడా వచ్చింది. మన తమ్ముళ్లు, చెల్లెళ్లు రాసే ఎంసెట్‌నే తీసుకోండి. ఇప్పుడు దాన్ని ఈఏపీసెట్ అంటున్నారు. అది పలు పూటలుగా జరుగుతుంది కాబట్టి మార్కులను సమం చేసే నార్మలైజేషన్ సూత్రం వాడతారు. ఆ సూత్రంలో సగటుతో పాటు క్రమవిచలనం కూడా ఉంది. ఒక పూట 20,000 మంది రాశారని, క్రమవిచలనం 20 మార్కులని అనుకుంటే, 20,000తో భాగించినా 19,999తో భాగించినా తేడా 0.0005 మార్కు మాత్రమే. అక్కడ కంగారు పడనక్కరలేదు. ఎనిమిది మంది లెక్కలో మాత్రం ఆగి చూడాలి.

మూడో రైతు సంగతి

దిగుబడుల్లో దిగువ చతుర్థాంశం ఎంత? అంటే, కింది నాలుగో వంతు రైతులను మిగిలినవారి నుంచి వేరుచేసే అంకె ఏది? మన లెక్కలో అది 4కు, 5కు మధ్య ఉండాలి. కచ్చితంగా ఎక్కడ అంటే ఒక్కో ప్యాకేజీ ఒక్కో చోటు చూపిస్తుంది.

ఆర్, ఎక్సెల్‌లోని పాత క్వార్టైల్ ఫంక్షన్: 4.75
సాస్, స్టాటా: 4.5
ఎస్‌పీఎస్‌ఎస్, మినీట్యాబ్: 4.25

ఏదీ కూడికలో పొరపాటు కాదు. మొదటి పద్ధతి ఎనిమిది అంకెల మధ్య ఉన్న ఏడు ఖాళీలను నాలుగు సమభాగాలు చేస్తుంది. రెండో పద్ధతి ఎనిమిదిలో నాలుగో వంతు రెండు కనుక, రెండో అంకెకు మూడో అంకెకు సగటు తీస్తుంది. మూడో పద్ధతి ఎనిమిదికి ఒకటి కలిపి తొమ్మిదిలో నాలుగో వంతు, అంటే రెండుంపావు స్థానం చూస్తుంది. రాబ్ హిండ్‌మన్, యానన్ ఫాన్ అనే ఇద్దరు సంఖ్యాశాస్త్రజ్ఞులు 1996లో ఇలాంటి పద్ధతులు తొమ్మిదింటిని వరుస నంబర్లు ఇచ్చి చూపించారు. ఆర్‌లో ఆ తొమ్మిదీ ఉన్నాయి. ఏమీ చెప్పకపోతే ఏడో రకం వాడుతుంది. ఆరో రకం అడిగితే ఎస్‌పీఎస్‌ఎస్ జవాబు, రెండో రకం అడిగితే సాస్ జవాబు వస్తుంది.

“పావు క్వింటాలు తేడాకు ఇంత చర్చా?” అనవచ్చు. ఒక పథకం పెట్టారనుకుందాం. దిగువ చతుర్థాంశాన్ని దగ్గరి పూర్ణాంకానికి సవరించి, అంతకు మించని దిగుబడి వచ్చిన రైతులకు సాయం అందాలి. 4.75ను సవరిస్తే 5. అప్పుడు 2, 4, 5 క్వింటాళ్లు పండిన ముగ్గురికీ సాయం అందుతుంది. 4.25ను సవరిస్తే 4. అప్పుడు ఇద్దరికే అందుతుంది. మరి 4.5 అయితే? ఎక్సెల్ దాన్ని 5 చేస్తుంది. ఆర్, పైథాన్ 4 చేస్తాయి. సరిగ్గా సగం వచ్చినప్పుడు దగ్గరున్న సరిసంఖ్య వైపు వెళ్లడం వాటి నియమం. ఆ మూడో రైతు చేనూ మారలేదు, పంటా మారలేదు. ఆఫీసులో తెరిచిన ప్యాకేజీ మారింది, అంతే. అతని ఇంట్లోకి వచ్చే డబ్బు మారిపోయింది. అందుకే పద్ధతి ఏదో ముందే రాసి పెట్టుకోవాలి. జవాబు చూశాక పద్ధతిని ఎంచుకోవడం న్యాయం కాదు.

చెప్పకుండా అమలయ్యే నియమాలు

ప్రతి ప్యాకేజీలోనూ మనం అడగకుండానే అమలయ్యే నియమాలు ఉంటాయి. వీటిని డిఫాల్ట్ అంటారు. తేడాల్లో ఎక్కువ భాగం ఇక్కడి నుంచే పుడుతుంది. వీటిలో మూడింటిని తప్పక తెలుసుకోవాలి.

మొదటిది ఖాళీ గడి. తొమ్మిదో రైతు ఇంటికి వెళ్లినప్పుడు తాళం వేసి ఉందనుకుందాం. దిగుబడి తెలియదు. గడి ఖాళీగా వదిలితే ఎక్సెల్ దాన్ని పక్కనపెట్టి సగటు 7 అంటుంది. ఆర్ మాత్రం ఒక అంకె తెలియదు కనుక సగటు తెలియదంటుంది. ఖాళీని వదిలెయ్యమని మనం చెప్పాలి. ఎవరైనా అక్కడ సున్నా కొడితే సగటు 6.22కు పడిపోతుంది. తెలియదనే గుర్తుగా 99 వేసి, ఆ సంగతి ప్యాకేజీకి చెప్పకపోతే సగటు 17.22కు ఎగబాకుతుంది. ఇంకో విచిత్రం ఉంది. సాస్ ఖాళీని అన్ని అంకెల కంటే చిన్నదిగా చూస్తుంది. స్టాటా అన్నిటికంటే పెద్దదిగా చూస్తుంది. అందువల్ల “5 కంటే తక్కువ పండినవారు ఎందరు?” అని సాస్‌ను అడిగితే తాళం వేసిన ఇల్లు కూడా ఆ లెక్కలో చేరుతుంది.

రెండోది దేనితో పోలుస్తున్నామన్నది. ఎనిమిది మందిలో 2, 4, 5, 9 పండినవారు వర్షాధారం రైతులు, 6, 7, 11, 12 పండినవారు బోరు ఉన్న రైతులు అనుకుందాం. వర్షాధారం సగటు 5, బోరు సగటు 9. వర్షాధారాన్ని ఆధారంగా పెట్టి ప్రతిగమనం చేస్తే బోరు గుణకం +4. బోరును ఆధారంగా పెడితే వర్షాధారం గుణకం –4. రెండింటినీ మొత్తం సగటు 7తో పోల్చే ఎఫెక్ట్ కోడింగ్ అయితే +2, –2. మూడూ చెప్పేది ఒకే సత్యం. ఆర్ మొదటి వర్గాన్ని ఆధారంగా తీసుకుంటుంది. సాస్, ఎస్‌పీఎస్‌ఎస్‌లలోని జనరల్ లీనియర్ మోడల్ చివరి వర్గాన్ని తీసుకుంటుంది. గుర్తు తారుమారైందని హడలిపోయే ముందు ఆధారం ఏదో చూసుకోండి.

మూడోది విస్తృతి విశ్లేషణ. నీటి వసతి, విత్తనం వంటి రెండు కారణాలు ఉండి, ఒక్కో గుంపులో రైతుల సంఖ్య సమానంగా లేనప్పుడు వర్గాల మొత్తాన్ని పంచడానికి పలు మార్గాలు ఉన్నాయి. ఆర్‌లోని మామూలు పట్టిక కారణాలను మనం రాసిన వరుసలో ఒక్కొక్కటిగా చేరుస్తుంది. దాన్ని టైప్ 1 అంటారు. ఎస్‌పీఎస్‌ఎస్ మామూలుగా టైప్ 3 చూపిస్తుంది. సాస్ రెండూ చూపిస్తుంది. గుంపులు సమానంగా ఉంటే ఈ తేడా రాదు.

మూడు పరీక్షలు, ఒక తెలుగు పేరు

కొన్నిసార్లు అంచనా ఒకటే వస్తుంది కానీ దాని పక్కన వేసే సంభావ్యత, అంటే పీ విలువ, వేరుగా ఉంటుంది. కారణం పరీక్ష వేరు. గరిష్ఠ సంభావ్యత పద్ధతిలో మూడు పరీక్షలు ప్రసిద్ధం. వాల్డ్ పరీక్ష, లైక్లీహుడ్ రేషియో పరీక్ష, స్కోర్ పరీక్ష. ఈ మూడోదాన్ని 1948లో అందించినవారు మన తెలుగువారైన సి.ఆర్. రావు గారు. ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలోని భారత గణాంక సంస్థకు వెళ్లారు. 2023లో అంతర్జాతీయ సంఖ్యాశాస్త్ర బహుమతి అందుకొని, అదే సంవత్సరం ఆగస్టులో 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఆయన పేరిట ఒక పరిశోధన సంస్థ ఉంది.

శాంపిల్ పెద్దదైతే ఈ మూడు పరీక్షలూ దాదాపు ఒకే మాట చెబుతాయి. చిన్నదైతే విడిపోతాయి. లాజిస్టిక్ ప్రతిగమనంలో ఎస్‌పీఎస్‌ఎస్ నమూనాలో ఉన్న చలరాశికి వాల్డ్ విలువ, ఇంకా చేర్చని చలరాశికి స్కోర్ విలువ చూపిస్తుంది. ఒక మిత్రుడికి 0.04, మరొకరికి 0.06 వస్తే ఒకరు “ఫలితం ఉంది” అని, ఇంకొకరు “లేదు” అని రాస్తారు. నిజానికి ఆ శాంపిల్‌తో గట్టిగా ఏదీ చెప్పలేమన్నదే అక్కడ నేర్చుకోవలసిన విషయం.

యంత్రమే తప్పినప్పుడు

ఇక గొలుసు తప్పు సంగతి. 1967లో జేమ్స్ లాంగ్లీ అనే అమెరికన్, 1947 నుంచి 1962 వరకు 16 సంవత్సరాల ఉపాధి లెక్కలను తీసుకొని, అప్పటి కంప్యూటర్ ప్రోగ్రాములను పరీక్షించాడు. చేతితో చేసిన లెక్కతో పోల్చితే కొన్ని ప్రోగ్రాముల జవాబులు మొదటి అంకెలోనే తేడా వచ్చాయి. అందులోని ఆరు కారణాలు ఒకదానితో ఒకటి గట్టిగా ముడిపడి ఉండటంతో, చిన్న గుండ్రింపు కూడా పెద్ద తప్పుగా పెరిగింది. నేటికీ ప్యాకేజీలను పరీక్షించడానికి ఆ డేటాను వాడుతున్నారు.

ఇంకొకటి మీరే చేసి చూడవచ్చు. 100000001, 100000002, 100000003. వీటి విస్తృతి 1. ప్రతి దాని నుంచి 10 కోట్లు తీసేస్తే మిగిలేది 1, 2, 3 కదా! కానీ అంకెలను ముందే వర్గం చేసి, కూడి, తర్వాత తీసివేసే సూత్రం వాడితే ఒక్కో వర్గం 17 అంకెల పొడవు అవుతుంది. కంప్యూటర్ మామూలుగా దాచుకోగలిగేది 15, 16 అంకెలే. మనకు కావలసిన అసలు తేడా ఆ చివరి అంకెల్లోనే ఉండి రాలిపోతుంది. ఎక్సెల్ 2003కు ముందు వెర్షన్లలో ఈ లోపం ఉండేది. 2003లో సూత్రం మార్చి సరిచేశారు.

ప్రజల ఆరోగ్యానికి సంబంధించిన ఉదాహరణ కూడా ఉంది. అమెరికాలో 90 నగరాల్లో గాలిలోని ధూళి కణాలకు, మరణాలకు ఉన్న సంబంధాన్ని జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు లెక్కగట్టారు. ఘనపు మీటరుకు 10 మైక్రోగ్రాముల ధూళి పెరిగితే మరణాలు 0.41 శాతం పెరుగుతాయని మొదటి అంచనా. ఎస్-ప్లస్ అనే ప్యాకేజీ లెక్కను మళ్లీ మళ్లీ సవరించుకుంటూ, మార్పు చాలా తక్కువైందనిపించగానే ఆగిపోతుంది. ఆ ఆగే హద్దు ఈ లెక్కకు చాలదని 2002లో బయటపడింది. హద్దును కఠినం చేస్తే 0.27 శాతం వచ్చింది. వేరే పద్ధతిలో 0.21 శాతం వచ్చింది. ధూళి ప్రాణాలు తీస్తుందన్న నిర్ణయం మారలేదు, దాని పరిమాణం మారింది. ఆ పరిశోధకులే ముందుకు వచ్చి ఆ సంగతి ప్రకటించారు. శాస్త్రం మీద నమ్మకం అలాంటి పనుల వల్లే నిలుస్తుంది.

సరిపోల్చే క్రమం

తేడా కనిపించినప్పుడు ఈ వరుసలో వెళ్లండి.

1. ముందు డేటా ఒకటేనా చూడండి. రెండు చోట్లా ఎందరి వివరాలు లెక్కలోకి వచ్చాయి? కనిష్ఠం, గరిష్ఠం, మొత్తం కలుస్తున్నాయా? చాలా తగువులు ఇక్కడే తీరిపోతాయి.

2. ఖాళీ గడులను, 99 వంటి గుర్తులను ప్యాకేజీ ఎలా చూస్తోందో తెలుసుకోండి.

3. పోలికకు ఆధారం ఏ వర్గమో, ఏ రకం వర్గాల మొత్తమో, ఏ పరీక్షో చూడండి.

4. సహాయ పుస్తకంలో సూత్రం చదవండి. ఇంగ్లీషుకు జంకవద్దు. సూత్రానికి మీడియం లేదు.

5. ఐదారు అంకెల చిన్న లెక్క తీసుకొని చేతితో చేసి, రెండు ప్యాకేజీల్లోనూ వేయండి. తేడా ఎక్కడ పుట్టిందో అక్కడ తెలుస్తుంది.

6. రెండింటికీ ఒకే నియమం పెట్టి మళ్లీ నడపండి. ఆరో, ఏడో దశాంశంలో మిగిలిన తేడాను వదిలేయవచ్చు. మొదటి రెండు అంకెల్లోనే తేడా మిగిలితే వదలవద్దు.

7. రిపోర్టులో ప్యాకేజీ పేరు, వెర్షన్, పద్ధతి రాయండి. మనకు నచ్చిన జవాబు ఇచ్చిన ప్యాకేజీని ఎంచుకోవద్దు.

ఈ ఏడో మాట ఎందుకంటే, మనం రాసిన లెక్కను రేపు ఎక్కడో ఒకరు మళ్లీ చేస్తారు. మన జిల్లాలోని పటాన్‌చెరులో 1972లో నెలకొన్న ఇక్రిశాట్, 1975 నుంచి అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా ఔరేపల్లి వంటి మెట్ట గ్రామాల్లో రైతు కుటుంబాల వివరాలు సేకరించింది. ఆ వివరాలతో ఎన్నో దేశాల పరిశోధకులు లెక్కలు కట్టారు. పద్ధతి రాసి ఉంటేనే ఒకరి లెక్కను మరొకరు సరిచూడగలరు.

ఖర్చు గురించి కూడా బెంగ వద్దు. ఆర్ ఉచితం. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ మొదలుపెట్టిన ఈ ప్యాకేజీ మొదటి పూర్తి వెర్షన్ 2000 ఫిబ్రవరి 29న వచ్చింది. ఎస్‌పీఎస్‌ఎస్ కొనలేనివారికి దాన్ని పోలిన పీఎస్‌పీపీ కూడా ఉచితంగా దొరుకుతుంది. కాలేజీ ల్యాబ్‌లో ఒక ప్యాకేజీ, సొంతంగా ఒక ఉచిత ప్యాకేజీ ఉంటే ప్రతి లెక్కనూ రెండుసార్లు సరిచూసుకోవచ్చు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! మన ఇళ్లలో పెద్దలు కాటా దగ్గర, రేషన్ షాపు దగ్గర, కూలి లెక్క దగ్గర ఎదుటివారు చెప్పిన అంకెనే ఒప్పుకోవలసి వచ్చింది. అడగడానికి వారికి చదువు అందలేదు. మనకు అందింది. కాబట్టి తెర మీద అంకె కనిపించగానే తల ఊపవద్దు. అది యంత్రం చెప్పినా, పెద్ద చదువు చదివినవారు చెప్పినా, మర్యాదగా ఒక్క ప్రశ్న వేయండి: “సార్, ఇది ఏ పద్ధతిలో వచ్చింది?” లెక్క తెలిసినవారు ఆ ప్రశ్నకు కోపగించుకోరు. కుర్చీ జరిపి పక్కన కూర్చోబెట్టుకుంటారు.